రాత్రి వెలిగే నీరు, పగలు దాగే యంత్రం

నర్సీపట్నాన్ని ఆనుకుని ఉన్న బలిఘట్టం దగ్గర వరాహ నది ఉత్తరానికి మళ్లి పారుతుంది. ఆ మలుపులోనే బ్రహ్మలింగేశ్వరుడి గుడి. బలి చక్రవర్తి యాగం చేసిన చోటని స్థలపురాణం. మహాశివరాత్రికి ఇక్కడ పెద్ద తీర్థం జరుగుతుంది. పండగ వెళ్లాక పందిరి రాటలు పీకేస్తారు, దీపాల తీగలు చుట్టేస్తారు, ఏరు మళ్లీ మామూలు ఏరవుతుంది. పట్టణానికి మరోవైపు నాతవరం మండలంలో తాండవ జలాశయం ఉంది. పూర్వపు విశాఖ, తూర్పు గోదావరి జిల్లాల్లో 51 వేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు దాని మీద ఆధారపడింది. అక్కడ నీటికి లెక్క ఎకరాల్లోనే, వేడుకల ఊసు లేదు. నీటి మీద రాత్రి వేడుక చూడాలనుకుంటే ఈ ప్రాంతం వాళ్లు పుష్య అమావాస్యకు సింహాచలం కొండ కింద అడవివరంలోని వరాహ పుష్కరిణికి వెళ్తారు. ఇంకా దూరం పోగలిగితే హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డు ఉంది. ఒకచోట తెప్పోత్సవం, మరోచోట మ్యూజికల్ ఫౌంటెన్. ఈ రెండింటికీ ఒకటే చిక్కు. చీకటి పడ్డాక నీటి మీద అద్భుతం చూపే సరంజామా తెల్లవారాక ఎక్కడికి పోవాలి?

నీటి వేడుకల గురించి రాసేవాళ్లు ఈ సంగతిని పెద్దగా పట్టించుకోలేదు. ధార ఎంత ఎత్తు లేచింది, ఎన్ని రంగులు మారింది, ఎంత ఖర్చయింది అన్నవే రికార్డులకెక్కాయి. పగటిపూట ఆ యంత్రం ఎవరి కంటికి అడ్డం, ఎవరి పనికి అడ్డం అన్నది నిర్వాహకుల తలనొప్పిగా మిగిలిపోయింది. వినోద ఉద్యానాలు నడిపేవాళ్లకు మాత్రం ఇది రోజువారీ బాధ. అరగంట ప్రదర్శనకు కొలను నిండా పంపులు, నాజిళ్లు, దీపాలు, నీటి తెరను విసనకర్రలా చిమ్మే గొట్టాలు కావాలి. ఒడ్డున ప్రొజెక్టర్లు, స్పీకర్లు కావాలి. ఆ అరగంట తప్ప మిగిలిన పొద్దంతా అదే కొలను చుట్టూ టికెట్టు కొన్న జనం తిరుగుతూ, ఫొటోలు తీసుకుంటూ ఉంటారు.

తెలుగువాళ్లకు తెలిసిన పాత జవాబుల్లో ఒకటి రాతిలో ఉంది. 1468లో సాళువ నరసింహరాయలు తిరుమలలో స్వామి పుష్కరిణి నడుమ నీరాళి మంటపం కట్టించాడు. తెప్పోత్సవానికి కావలసిన ఏర్పాట్లలో నీటి మధ్య ఏడాది పొడవునా నిలిచేది ఇదే. పగలూ రాత్రీ కనిపిస్తున్నా ఎవరికీ అడ్డం అనిపించదు, కోనేటికి అదే అందం. మిగతాదంతా, అంటే తేలే అడుగు, దాని మీది పందిరి, దీపాలు, పూలు, ఫాల్గుణ పౌర్ణమితో ముగిసే అయిదు రోజుల కోసం కూర్చేవి. తొలిరోజు సీతారాములు, రెండోరోజు రుక్మిణీకృష్ణులు, చివరి మూడు రోజులు శ్రీదేవీ భూదేవీ సమేతుడైన మలయప్పస్వామి తెప్పనెక్కుతారు. ఆ అయిదు సాయంత్రాలు గడిచాక పుష్కరిణి మళ్లీ స్నానాలది. నిలిచి ఉండేదాన్ని అందంగా కట్టు, అందంగా లేనిదాన్ని నిలవనీయకు. ఇలాగని ఏ శాసనంలోనూ రాసి ఉండకపోవచ్చు గాని, మన కోనేళ్ల కట్టడి చెప్పేది ఇదే.

ఈ పద్ధతి ఎంత పెద్ద కొలతకు సాగుతుందో మధుర నాయకరాజులు చూపించారు. తెలుగు మూలాలున్న ఆ వంశంలో తిరుమల నాయకుడు 1645లో తవ్వించిన వండియూరు తెప్పకుళం ఇప్పటికీ దక్షిణాదిలోని పెద్ద కోనేళ్లలో ఒకటి. నడుమ దీవి, దాని మీద మంటపం. రాజమహలు ఇటుకల కోసం మట్టి తీసిన గుంతే తరవాత కోనేరైందని అక్కడ చెప్పుకుంటారు. తై మాసంలో మీనాక్షీ సుందరేశ్వరులు ఎక్కిన తెప్పను గట్టున నిలబడిన జనం తాళ్లతో లాగుతారు. ఇంజను లేదు గనుక దాన్ని దాచే బాధా లేదు. లాగేవాళ్లు కూడా వేడుకలో భాగమే.

సింహాచలం తెప్పకు ఒక ప్రత్యేకత ఉంది. తిరుమల, మధుర వేడుకలు పున్నమిని పట్టుకుంటే ఇది అమావాస్యను పట్టుకుంది. పుష్య బహుళ అమావాస్య రాత్రి, కొండ దిగి వచ్చిన ఉత్సవమూర్తి హంస వాహనం మీద వరాహ పుష్కరిణిలో విహరిస్తాడు. వెన్నెల లేని రాత్రి కాబట్టి తెప్ప దీపాలకు పోటీ లేదు. తెప్ప అడుగున పడవలున్నాయో పీపాలున్నాయో గట్టు మీది వాడికి తెలిసే వీలూ లేదు. తిథి నిర్ణయించిన పెద్దలు ఇదంతా ఆలోచించి పెట్టారని నేననను. ఫలితం మాత్రం ఏ రంగస్థల నిపుణుడైనా కోరుకునేదే. అలాగని పగలు దాపరికమేమీ లేదు. కోనేటి గట్టున నిలబడితే తెప్ప కట్టడం, దీపాలు బిగించడం, నీటిలో నడిపి చూసుకోవడం, గజ ఈతగాళ్లను నిలబెట్టడం అంతా బహిరంగమే. ఇవన్నీ చూసినవాడికి రాత్రి దర్శనంలో తరిగిపోయేది ఏమీ ఉండదు. అతడు వచ్చింది దేవుడి కోసం. తెప్ప ఎలా తేలుతున్నదన్న ప్రశ్న అతడి మనసులో లేదు.

నది మీద తెప్ప వేరే కథ. కోనేరు చెప్పినట్టు వింటుంది, నది వినదు. విజయవాడలో విజయదశమి సాయంత్రం దుర్గామల్లేశ్వరుల హంస వాహనం, భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం సీతారాముల హంస వాహనం రెండూ పడవల మీద, పంట్ల మీద తాత్కాలికంగా కట్టేవే. కృష్ణకు ఎగువ నుంచి నీరు జోరుగా వస్తున్న ఏళ్లలో విహారం మానుకుని, గట్టున కట్టేసిన వాహనం మీదే పూజ కానిచ్చేస్తారు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకున్నాయి, ఎగువనున్న భవానీ ద్వీపం నీట మునిగింది. అలాంటి ఏటి అడుగున ఏ యంత్రాన్ని బిగించి దాచినా ఒక్క వానాకాలం గడిచేసరికి దాని జాడ వెతుక్కోవలసిందే. విప్పి ఒడ్డుకు చేర్చగలిగినదే నదికి తగింది. మనవాళ్లు విడదీసే పద్ధతిని ఎంచుకోవడంలో భక్తి ఎంత ఉందో వరద భయమూ అంతే ఉందని నా అంచనా.

దాచే విద్య మనకు తెలియదని దీనర్థం కాదు. అది గుడి కోనేటిలో కాక రాజుల తోటల్లో పెరిగింది. 11వ శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజుడి పేరిట ఉన్న సమరాంగణ సూత్రధారంలో యంత్రాలకు ఒక అధ్యాయమే ఉంది. రాజులు సేదతీరే నీటి ఇళ్లను అది అయిదు రకాలుగా చెబుతుంది. ధారాగృహం, ప్రవర్షణం, ప్రణాళం, జలమగ్నం, నంద్యావర్తం. వీటిలో జలమగ్నం నీటి అడుగున కట్టే గది, దానికి సొరంగం గుండా దారి. మంచి యంత్రానికి ఉండవలసిన గుణాలను గ్రంథం వరసగా చెబుతుంది. వాటిలో లోపలి పనితీరు కంటికి అందకపోవడం ఒకటి, చప్పుడు లేకపోవడం మరొకటి. నిర్మాణ వివరాలు పూర్తిగా ఎందుకు ఇవ్వలేదో కూడా గ్రంథకర్తే వివరణ ఇచ్చుకున్నాడు. తెలియక వదిలెయ్యలేదట, రహస్యం నిలవాలని వదిలేశాడట. దీనివల్ల తరవాతి పరిశోధకులు పడ్డ పాట్లు అలా ఉంచితే, దృష్టి మాత్రం స్పష్టంగా ఉంది. అక్కడ అద్భుతమంటే యంత్రమే. అందుకే దాన్ని దాచాలి.

ఇంచుమించు ఆ రోజుల్లోనే వియత్నాంలోనూ ఇదే ఆలోచన నడిచింది. 1121 నాటి ఒక శిలాశాసనం రాజు ఎదుట నీటి మీద ఆడిన బంగారు తాబేలును వర్ణిస్తుంది. అక్కడి నీటి బొమ్మలాటలో ఆడించేవాళ్లు నడుములోతు నీళ్లలో వెదురు తెర వెనక నిలబడతారు. బొమ్మలను నడిపే పొడవాటి కర్రలు నీటి అడుగున ఉంటాయి. మన తోలుబొమ్మలాటకు తెల్లటి తెర ఎంత అవసరమో వాళ్లకు ఆ మడుగు నీరు అంత అవసరం. గోల్కొండ కుతుబ్ షాహీలు నీటిని దాచిన చోటు వేరు. దుర్గం చెరువు నీరు మట్టి గొట్టాల్లో కోటకు చేరేది, తిరుగుడు చక్రాలతో అంచెలంచెలుగా గుట్ట పైకి ఎక్కేది, గోడల్లో పొదిగిన గొట్టాల గుండా అంతఃపురాలకు అందేది. రాణీమహలు ముంగిట ఫౌంటెన్ దగ్గర కూర్చున్న అతిథికి కనిపించింది చివరి ధార ఒక్కటే. చక్రాలు తిప్పి చెమటోడ్చినవాళ్లు ఆ దరిదాపుల్లో లేరు.

ఐరోపాలో కూడా విద్యుత్తు వచ్చేదాకా ఫౌంటెన్ ప్రధానంగా పగటి వినోదమే. వెర్సాయ్ తోటల్లో అన్ని ఫౌంటెన్లకూ ఒకేసారి నీరు చాలేది కాదు. పద్నాలుగో లూయీ ఎటు నడుస్తున్నాడో చూసి పనివాళ్లు ఈలలతో ఒకరికొకరు సైగ చేసుకుంటూ ముందువి తెరిచి వెనకవి కట్టేసేవాళ్లు. రాత్రి ప్రదర్శన అసలు స్వరూపం 1884లో లండన్ సౌత్ కెన్సింగ్టన్ ప్రదర్శనలో కనిపించింది. సర్ ఫ్రాన్సిస్ బోల్టన్ అక్కడి ఫౌంటెన్ కింద, నీటి అడుగున ఆర్క్ దీపాలు పెట్టించి వాటి వెలుగును రంగు గాజుల గుండా ధారల్లోకి పంపాడు. 1889లో పారిస్ ప్రదర్శనకు వచ్చినవాళ్లు ఈఫిల్ టవర్ నీడలో అదే మాయ చూశారు. చీకటి పడేదాకా అక్కడ ఉన్నది మామూలు ఫౌంటెనే. దీపాలూ మనుషులూ నేలలో ఉన్నారు. 1929లో బార్సిలోనాలో కార్లెస్ బుయిగాస్ వెలిగించిన మోంజుయిక్ ఫౌంటెన్, 1932 నాటికి మీర్జా ఇస్మాయిల్ చొరవతో మైసూరు దగ్గర కృష్ణరాజసాగర్ దిగువన తయారైన బృందావన్ తోట ఇదే దారిలోవి. బృందావనంలో రంగుల నీటి ముందు ఆడిపాడిన తెలుగు సినిమా జంటలు ఎన్నో. నీటి వేడుక అనగానే ఒక తరం తెలుగువాళ్ల కళ్లలో మెదిలే బొమ్మ అదే.

దాపరికాన్ని పూర్తిస్థాయి వృత్తిగా మార్చింది అమెరికాలో డిస్నీ సంస్థ. 1955 జులై 17న కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీల్యాండ్‌లో జంగిల్ క్రూయిజ్ పడవలు నీటి అడుగున ఉన్న పట్టా మీద నడుస్తాయి. ఆ పట్టా కనబడకుండా నీటికి రంగు కలిపి మసకగా ఉంచుతారు. హుస్సేన్ సాగర్‌కు ఈ ఖర్చు ఎన్నడూ అవసరపడలేదు. 1971 అక్టోబరులో ఫ్లోరిడాలో మొదలైన ఎలక్ట్రికల్ వాటర్ పేజెంట్‌లో రెండు వరసలుగా 14 బల్లకట్లు, ఒక్కోదాని మీద 25 అడుగుల ఎత్తు దీపాల తెర. తిమింగిలాలు, తాబేళ్లు, సముద్రపు పాము వెలుగు గీతలుగా హోటళ్ల ముందు నుంచి సాగిపోతాయి. పగటి వెలుగులో అది ఇనుప చట్రం, దానికి వేలాడే బల్బులు, తీగలు. అందుకే పొద్దు పొడిచాక ఆ బారు అతిథుల కంటపడని కాలువలో ఉంటుంది. తెప్పకు ఇది దగ్గరి చుట్టమే అయినా, తెప్పను పగలు చూడనివ్వరు అన్న మాట మన దగ్గర లేదు.

ఎప్‌కాట్ అనే డిస్నీ ఉద్యానం కూడా ఫ్లోరిడాలోదే. అక్కడ 40 ఎకరాల కొలను చుట్టూ దేశదేశాల నమూనా కట్టడాలు ఉంటాయి. ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు చూపు సాగడమే ఆ చోటి అందం. 1999 నుంచి 2019 దాకా అక్కడ నడిచిన ఇల్యూమినేషన్స్ ప్రదర్శనకు 28 అడుగుల వ్యాసం ఉన్న భూగోళం నాయకుడు. దాన్ని బల్లకట్టు మీద రోజూ తెరవెనక రేవు నుంచి లాక్కొచ్చి, ప్రదర్శన అయ్యాక మళ్లీ అక్కడికే చేర్చేవారు. దాచడానికి ఇది మొదటి దారి, లాక్కెళ్లడం. ఇరవయ్యేళ్లు ఈ చాకిరీ చేశారంటే పగటి కొలనుకు వాళ్లు కట్టిన విలువ తెలుస్తుంది.

రెండో దారి ముంచడం. 2010 జూన్ 11న కాలిఫోర్నియాలోని డిస్నీ ఉద్యానంలో మొదలైన వరల్డ్ ఆఫ్ కలర్‌లో దాదాపు 1,200 ఫౌంటెన్లు, 380 అడుగుల వెడల్పు నీటి తెర ఉన్నాయి. వీటిని మోసే భారీ వేదికలు పగలు నీటి మట్టానికి కిందుగా ఉండి, ప్రదర్శన వేళకు పైకి లేస్తాయి. దాన్ని అమర్చడానికి కొలను మొత్తం తోడేయవలసి వచ్చింది. ముంచడం చూడటానికి సొంపుగా ఉంటుంది గాని ధర ఎక్కువ. నీటిలో నానే ప్రతి కీలూ తుప్పుకు లోను, ప్రతి నాజిల్ నోటికీ నాచు పడుతుంది, కేబులు అతుకులోకి చుక్క నీరు దిగినా దీపం పోతుంది. ఒడ్డున ఉన్న పంపును పానా పట్టుకుని ఒక మనిషి విప్పగలడు. నీటి అడుగున ఉన్నదానికి ఈతగాడు దిగాలి, లేదంటే వేదికనే పైకెత్తాలి. తిరుమల పుష్కరిణిని కూడా ఏటా బ్రహ్మోత్సవాల ముందు నెల రోజుల పాటు మూసి, నీరు తోడి శుభ్రం చేస్తారు. అక్కడ కడగవలసింది మెట్లూ నేలే.

మూడో దారి ఏదీ దాచకపోవడం. 2021 అక్టోబరు 1న ఎప్‌కాట్‌లో హార్మోనియస్ మొదలైంది. దానికి అయిదు పెద్ద బల్లకట్లు. నడుమ ఒక మహా వలయం, చుట్టూ వంపు తిరిగిన తెరలు మోసేవి నాలుగు. రోజూ లాగడానికి వీల్లేనంత పెద్దవి కావడంతో వాటిని కొలనులోనే ఉంచేశారు. పగలు వాటి మీద ఫౌంటెన్లు ఆడిస్తే అలంకారంగా ఉంటుందనుకున్నారు. చూసినవాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. ఎదుటి ఒడ్డు కనిపించవలసిన చోట నల్లటి యంత్రాలు కనిపించాయి. రాత్రి సంగీతాన్ని మెచ్చుకున్నవాళ్లు కూడా పగటి దృశ్యాన్ని తిట్టుకున్నారు. 2023 ఏప్రిల్ 2న ప్రదర్శన ముగిసింది, తరవాత ఆ బల్లకట్లను తీసేశారు. అదే ఏడాది డిసెంబరు 5న ల్యూమినస్ అనే కొత్త ప్రదర్శన వచ్చింది. హార్మోనియస్ రాత్రి ఓడిపోలేదు, పగలు ఓడిపోయిందని నేననుకుంటాను.

ఇక హైదరాబాదు. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన హుస్సేన్ సాగర్ మొదట మంచినీటి చెరువు, వినోదం ఆ తరవాత చేరింది. నీటి మీద బరువు మోయడం ఎంత ప్రమాదమో ఈ చెరువు ఒకసారి గట్టిగా చెప్పింది. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగి, విగ్రహం నీళ్లలో పడి, మనుషుల ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా అడుగునే ఉండిపోయిన ఆ విగ్రహాన్ని 1992 డిసెంబరు 1న పైకి తీసి నిలబెట్టారు. 1994లో ఒడ్డున లుంబినీ పార్కు తెరిచారు. రంగుల ఫౌంటెన్లు, ఆ తరవాత లేజర్ షో అక్కడ జనాన్ని ఆకట్టుకున్నాయి. 2007 ఆగస్టు 25 సాయంత్రం బాంబు పేలింది ఆ లేజర్ షో చూస్తున్న జనం మధ్యనే. ఆ రోజు తరవాత నగరంలో రాత్రి వినోదమంటే ముందు గుర్తొచ్చేది సంచుల తనిఖీ అయింది. యంత్రాలు ఎక్కడున్నాయన్న సంగతి ఎవరూ ఆలోచించే స్థితి లేదు.

2023 ఫిబ్రవరిలో, ఫార్ములా-ఈ కార్ల పోటీకి రెండు రోజుల ముందు, హెచ్‌ఎండీఏ ఆ సాగరంలోనే తేలే మ్యూజికల్ ఫౌంటెన్‌ను ప్రారంభించింది. 180 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడిమి ధార 90 మీటర్ల దాకా లేచేలా కట్టారు. ఖర్చు 17 కోట్ల రూపాయల పైచిలుకు. ఇది మునిగే రకం కాదు, తేలే రకం. ఎప్‌కాట్‌లో బల్లకట్ల ప్రదర్శన ముగియడానికి దాదాపు రెండు నెలల ముందు హైదరాబాదు తన చెరువులో ఒక తేలే వేదికను నిలబెట్టుకుంది.

అక్కడ తప్పయింది ఇక్కడ ఎందుకు చెల్లిందంటే, నా ఉద్దేశంలో చూసేవాడు వేరు గనుక. ఎప్‌కాట్ కొలను టికెట్టు కొన్నవాడి చూపు కోసం గీసిన బొమ్మ. అందులో ఒక గీత వంకరైనా అతడు నిలదీస్తాడు. టాంక్‌బండ్ మీద వెళ్లేవాడు ఏ టికెట్టూ కొనలేదు. బస్సు కిటికీలోంచి అతడు అటు చూసేది ఒక్క క్షణం. పైగా సాగరం మైళ్ల చుట్టుకొలత ఉన్నది. నీటి మట్టానికి దగ్గరగా పరుచుకుని ఉన్న 180 మీటర్ల వేదిక ఆ విస్తీర్ణంలో పెద్దగా కంటపడదు. నలభై ఎకరాల్లో కొండలా అనిపించేది ఇక్కడ గీతలా అనిపిస్తుంది. దాపరికం అవసరమా కాదా అన్నది యంత్రం ఎత్తు మీదా చెరువు వైశాల్యం మీదా ఆధారపడే లెక్క. దుర్గం చెరువులాంటి ఇరుకు నీటిలో, చుట్టూ గాజు మేడల కిటికీలు తెరుచుకున్న చోట, లెక్క మళ్లీ మారుతుంది.

అదే హుస్సేన్ సాగర్‌లో పాత పద్ధతి కూడా బతికే ఉంది. వినాయక నిమజ్జనానికి గట్టు పొడవునా క్రేన్లు వరసగా నిలబెడతారు. పగలూ రాత్రీ అవి అందరి కళ్ల ముందే పనిచేస్తాయి. వాటిని దాచాలని ఎవరికీ తోచదు, వాటివల్ల వేడుక చిన్నబోయిందని ఎవరూ అనరు. నిమజ్జనం ముగిశాక క్రేన్లు గట్టు దిగి వెళ్లిపోతాయి. నీళ్లలోంచి తీసిన విగ్రహాల ఇనుప చట్రాలు లారీలకెక్కి పాత ఇనుము కొట్లకు చేరతాయి.